రాయగడలో ఆఫీసు, గుణుపురంలో గోడౌన్, పార్వతీపురంలో లెక్కలు: కంపెనీ మనుషుల్ని ఒక చోటికి చేర్చడం ఎలా?

మన ఒడిశా, ఆంధ్ర సరిహద్దు జిల్లాల్లో ఓ మాదిరి కంపెనీ తీరే అంత. యజమాని రాయగడలో కూర్చుంటారు. గోడౌన్ గుణుపురంలో ఉంటుంది. జీతాలు, జీఎస్టీ లెక్కలు చూసేవాళ్లు పార్వతీపురంలోనో విశాఖలోనో ఉంటారు. సేల్స్ కుర్రాళ్లు మునిగుడ నుంచి మోహన దాకా బైకుల మీద తిరుగుతుంటారు. వీళ్లందరినీ కలిపి ఉంచేది ఏమిటయ్యా అంటే డజనుకు పైగా వాట్సాప్ గ్రూపులు. పొద్దున్నే గులాబీ పువ్వుల గుడ్ మార్నింగులు, వాటి మధ్య ఎక్కడో "రేపు లోడింగ్ లేదు" అన్న కబురు. అది చూడని నలుగురు ఆటో మాట్లాడుకుని గోడౌన్‌కి వచ్చి, తాళం చూసి తిట్టుకుంటూ వెనక్కి పోతారు.

ఈ గొడవ తగ్గించడానికి పనికొచ్చేదే కంపెనీ లోపలి సోషల్ నెట్‌వర్క్. చూడ్డానికి ఫేస్‌బుక్‌లాగే ఉంటుంది. ఫీడు, గ్రూపులు, లైకులు, కామెంట్లు, ఎవరు ఏ పని చూస్తారో చెప్పే పేజీలు, అన్నీ ఉంటాయి. కంపెనీ మనుషులకు తప్ప బయటివాళ్లకు కనపడదు, అంతే తేడా. 2008లో యామర్ మొదలైనప్పటి నుంచి పెద్ద కంపెనీలు ఇలాంటివి వాడుతున్నాయి. 2012లో మైక్రోసాఫ్ట్ దాన్ని 120 కోట్ల డాలర్లకు కొంది. ఇప్పుడు దాని పేరు వివా ఎంగేజ్. వందా రెండొందల మంది ఉన్న మనకెందుకండీ ఈ హంగు అంటారు చాలామంది. నన్నడిగితే మనకే ఎక్కువ అవసరం. ఒకే భవనంలో పనిచేసేవాళ్లు టీ కొట్టు దగ్గరైనా కలుస్తారు. రెండు రాష్ట్రాల్లో, మూడు నాలుగు భాషల్లో చెదిరి ఉన్నవాళ్లకు ఆ అవకాశం కూడా లేదు.

అలాగని కొని పెట్టేస్తే పని జరిగిపోదు. మొదటి వారం ఎండీ గారి స్వాగత సందేశానికి అరవై లైకులు పడతాయి. మూడో నెల వచ్చేసరికి హెచ్‌ఆర్ పోస్టు పెడతారు, హెచ్‌ఆరే లైకు కొట్టుకుంటారు. అడిగిన మాటకు జవాబు వస్తుందన్న నమ్మకం ఉంటేనే మనిషి ఆ యాప్‌ను రెండోసారి తెరుస్తాడు. ఆ నమ్మకం కుదిరేలా పని ఎలా నడపాలో వరసగా చెబుతాను.

ముందు ఉన్న గ్రూపుల లెక్క తీయండి

ఏ యాప్ కొనాలి అన్నది పక్కన పెట్టి, ఒక వారం పాటు ఇప్పుడు నడుస్తున్న వాట్సాప్ గ్రూపులన్నీ కాగితం మీద రాయండి. గ్రూపు పేరు, అడ్మిన్ ఎవరు, అందులో ఏం నడుస్తోంది అన్నది చాలు. రాసేటప్పుడు వచ్చే సందేశాలను నాలుగు కుప్పలుగా విడదీయండి. ఒకటి నోటీసులు: సెలవులు, షిఫ్టు మార్పులు, కొత్త రేట్లు. రెండు ప్రశ్నలు: జీతంలో కోత ఎందుకు పడింది, లీవు ఎంత మిగిలింది. మూడు పని రుజువులు: లారీ ఫొటో, చలాన్ ఫొటో, వేబ్రిడ్జి చీటీ. నాలుగు ముచ్చట్లు: పుట్టినరోజులు, క్రికెట్, పెళ్లి పిలుపులు.

ఈ కుప్పలు ఎందుకంటే, అన్నిటినీ కొత్త యాప్‌లోకి తోస్తే పాత గందరగోళమే కొత్త ఇంట్లోకి మారుతుంది. నోటీసులు, ప్రశ్నలు కొత్త చోటికి రావాలి. లారీ ఎక్కడుంది, డ్రైవర్ ఫోన్ ఎందుకు ఎత్తడం లేదు లాంటి అప్పటికప్పుడు తేలాల్సిన మాటలు వాట్సాప్‌లోనో ఫోన్లోనో ఉండనివ్వండి. ముచ్చట్ల సంగతి తర్వాత చూద్దాం, అవి ఎవరూ పిలవకపోయినా వస్తాయి.

వాట్సాప్‌ను నేను తక్కువ చేసి చెప్పడం లేదు. ఒక గ్రూపులో 1024 మంది దాకా పడతారు, 2022 నుంచి గ్రూపుల్ని కలిపే కమ్యూనిటీలూ ఉన్నాయి, ఎవరికీ నేర్పక్కర్లేదు. కానీ రెండు చిక్కులున్నాయి. ఉద్యోగం మానేసిన మనిషిని గ్రూపు నుంచి తీసేసినా, అప్పటిదాకా వచ్చిన రేట్లు, సరుకు కొనే పార్టీల నంబర్లు అతని ఫోన్లోనే ఉండిపోతాయి. రెండోది దానికంటే పెద్దది. గ్రూపులో చేరిన ప్రతి ఆడమనిషి ఫోన్ నంబరు ఆ గ్రూపులో అందరికీ తెలిసిపోతుంది. ప్యాకింగ్‌లో పనిచేసే అమ్మాయిలు కంపెనీ గ్రూపులో భర్త నంబరో తమ్ముడి నంబరో ఇస్తున్నారంటే కారణం ఇదే. కబురు తమ్ముడికి చేరుతుంది, ఆమెకు చేరదు.

ఎవరు ఏ లిపి చదువుతారో అడగండి

హైదరాబాదు, బెంగళూరు వాళ్లు రాసే సలహాల్లో ఈ మెట్టు మీకు దొరకదు. మన దగ్గర ఇది వదిలేస్తే మిగతాదంతా వృథా.

బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో పుట్టి పెరిగిన తెలుగువాళ్లలో చాలామందికి ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు ఒడియా. గడగడా తెలుగు మాట్లాడే మనిషి ముందు తెలుగు నోటీసు పెడితే కూడబలుక్కుంటాడు, లేదా పక్కవాడి చేతికి ఇస్తాడు. అటు పార్వతీపురం వాళ్లకు ఒడియా అర్థమైనా అక్షరం రాదు. కుయి, సవర ఇంటిభాషగా ఉన్న కార్మికుల్లో కొందరికి ఒడియా చదవడం వచ్చు, కొందరికి ఏ లిపీ రాదు. ఆఫీసు కుర్రాళ్లు మాత్రం తెలుగైనా ఒడియా అయినా ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేస్తుంటారు.

కాబట్టి "మీ మాతృభాష ఏది?" అని ఫారం నింపించకండి. ఒక చిన్న నోటీసును తెలుగు, ఒడియా, ఇంగ్లిష్ లిపుల్లో ఒకే కాగితం మీద అచ్చు వేయించి, ఏది చదవడం సులువుగా ఉందో టిక్కు పెట్టమనండి. టిక్కు పెట్టడానికి వెనకాడేవాళ్లను బలవంతం చేయకండి, వాళ్లకు గొంతు సందేశాలు కావాలని గుర్తు పెట్టుకోండి. సూపర్‌వైజర్ పక్కన నిలబడి ఉంటే ఈ పని కుదరదు. ఆయన ముందు అందరికీ ఇంగ్లిష్ వచ్చేస్తుంది.

లెక్క తేలాక ఒక పద్ధతి పెట్టుకోండి. ప్రతి నోటీసు ఒడియాలోనూ తెలుగులోనూ, ఒకే పోస్టులో ఒకదాని కింద ఒకటి ఉండాలి. దానికి ముప్పై నలభై సెకన్ల ఆడియో జోడించాలి. యంత్ర అనువాదం ఇప్పుడు బాగానే సాయపడుతుంది. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లోకి ఒడియా 2020 ఫిబ్రవరిలో వచ్చింది, అదే ఏడాది మైక్రోసాఫ్ట్ కూడా చేర్చింది. మామూలు కబుర్లకు అది చాలు. జీతం, భద్రత, క్రమశిక్షణ గురించిన నోటీసులు మాత్రం రెండు భాషలూ వచ్చిన మనిషి చదివి సరిచూడకుండా పెట్టొద్దు. అలాంటి మనిషి మీ కంపెనీలో తప్పకుండా ఉంటారు. ఎక్కువసార్లు టైమ్‌కీపరో, స్టోరు కీపరో. ఆ పనికి నెలకు ఎంతో కొంత అలవెన్సు ఇవ్వండి. ఊరికే చేయించుకుంటే రెండో నెలకు తెలుగు ఆగిపోతుంది.

ఇప్పుడు యాప్ ఎంచుకోండి

మార్కెట్లో రెండు జాతులున్నాయి. స్లాక్, జోహో క్లిక్, గూగుల్ చాట్ లాంటివి చాట్ జాతి: మాట వస్తుంది, పైకి పోతుంది. వివా ఎంగేజ్, జోహో కనెక్ట్, వర్క్‌వివో, హమ్‌హబ్ లాంటివి ఫీడు జాతి: పోస్టు నిలబడి ఉంటుంది, దాని కిందే కామెంట్లు చేరతాయి, ఆర్నెల్ల తర్వాత కూడా వెతికితే దొరుకుతుంది. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు, రోజంతా సిగ్నల్ లేని చోట తిరిగేవాళ్లు ఎక్కువగా ఉంటే ఫీడు జాతే నయం. రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరి ఫోన్ చూసుకునే సేల్స్‌మన్‌కు రెండొందల చాట్ సందేశాలు చదివే ఓపిక ఉండదు.

ఇప్పటికే మైక్రోసాఫ్ట్ 365 వాడుతుంటే మీ ప్లాన్‌లో వివా ఎంగేజ్ ఉందేమో ముందు చూసుకోండి, టీమ్స్‌లోంచే తెరవొచ్చు. గోడౌన్, షాపు సిబ్బంది కోసం ఎఫ్1, ఎఫ్3 అని తక్కువ ధర లైసెన్సులు వేరే ఉన్నాయి. అందరికీ ఆఫీసు లైసెన్సు కొనక్కర్లేదు. చెన్నై కంపెనీ జోహోది కనెక్ట్. లెక్కలు జోహో బుక్స్‌లో రాసుకునేవాళ్లకు అది అలవాటైన లోకమే. స్లాక్ ఉచిత ప్లాన్ చూసి ఆశపడేవాళ్లు ఒకటి గమనించాలి: 90 రోజుల కంటే పాత సందేశాలు అందులో కనిపించవు. సంక్రాంతికి పెట్టిన నోటీసు రథయాత్ర నాటికి ఉండదన్నమాట. మ్యాటర్‌మోస్ట్, జూలిప్, హమ్‌హబ్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను సొంత సర్వరులో పెట్టుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌కు డబ్బు అక్కర్లేదు గానీ సర్వరుకూ, దాన్ని చూసుకునే మనిషికీ కావాలి. మీ ఐటీ మనిషి అంటే ప్రింటర్ బాగుచేసే కుర్రాడే అయితే ఆ దారి పట్టకండి.

ట్రయల్‌లో ఈ నాలుగూ చూడండి. డెమో చూపించే సేల్స్ మనిషి ఈ నాలుగూ తనంతట తాను చూపించడు.

కంపెనీ ఈమెయిల్ లేని మనిషి లోపలికి ఎలా వస్తాడు? ఫోన్ నంబరు, ఓటీపీతో కుదురుతుందా? లోడింగ్ జట్టుకు ఈమెయిల్ ఐడీలు సృష్టించి పాస్‌వర్డులు పంచితే, రెండో రోజు నుంచి మీ పని పాస్‌వర్డులు మార్చడమే అవుతుంది.

ఫోన్ నంబరును మిగతావాళ్లకు కనపడకుండా దాచొచ్చా? దాచలేకపోతే వాట్సాప్ వదిలి ఇక్కడికి రావడంలో ఆడవాళ్లకు ఒరిగేదేమీ లేదు.

సిగ్నల్ తక్కువున్న చోట ఏమవుతుంది? పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి తీసుకుని, సేల్స్ రూట్‌లో బిస్సంకటక్ దాటాక సిగ్నల్ ఒక గీతకు పడిపోయే చోట కూర్చుని, ఫొటోతో పోస్టు పెట్టి చూడండి. పోస్టు ఆగి, సిగ్నల్ రాగానే తనంతట తాను వెళ్తే మంచిది. రాసిందంతా మాయమైపోతే ఆ యాప్ మనది కాదు.

నాలుగోది, రేపు ఈ యాప్ మూతపడితే మన సరుకంతా బయటకు తీసుకోవచ్చా? ఇది ఊరికే భయపెట్టడం కాదు. ఫేస్‌బుక్ 2016లో తెచ్చిన వర్క్‌ప్లేస్ అనే ఇలాంటి యాప్‌ను మూసేస్తున్నామని ఫేస్‌బుక్ యజమాని కంపెనీ మెటా 2024 మేలో ప్రకటించింది. 2025 ఆగస్టు చివరి వరకు మామూలుగా వాడుకోండి, తర్వాత 2026 మే వరకు చదువుకోవడానికి, డేటా దింపుకోవడానికి మాత్రమే అంది. గూగుల్ కూడా కరెంట్స్ అనే ఇలాంటి యాప్‌ను 2023లో మూసింది. అంత పెద్దవాళ్లే మూసేస్తుంటే మిగతావాళ్ల మాట చెప్పేదేముంది. ఎక్స్‌పోర్ట్ బటన్ ఎక్కడుందో కొనే ముందే చూసి, ఒకసారి నొక్కి, వచ్చిన ఫైలు తెరుచుకుంటోందో లేదో పరీక్షించండి.

జవాబు చెప్పే మనుషుల్ని పేరు పెట్టి నియమించండి

మొత్తంలో కష్టమైనది ఇదే. డబ్బు ఖర్చు లేనిదీ ఇదే.

ప్రతి గ్రూపుకు ఒక బాధ్యుడు ఉండాలి. పేరు, ఫొటో గ్రూపు పైనే కనపడాలి. "జీతం, పీఎఫ్, ఈఎస్‌ఐ" గ్రూపుకు పార్వతీపురం ఆఫీసులో లెక్కలు చూసే మనిషి. "డ్యూటీ చార్టు" గ్రూపుకు గోడౌన్ మేనేజరు. "దారి కబుర్లు" గ్రూపుకు ట్రాన్స్‌పోర్టు చూసేవారు. ప్రశ్న పడిన మర్నాడు సాయంత్రంలోగా జవాబు రావాలన్నది నియమం. జవాబు తెలియకపోతే "కనుక్కుంటున్నాను, శుక్రవారం చెబుతాను" అన్నా చాలు. అసలు ఏమీ రాకపోతేనే మనిషికి మనసు విరుగుతుంది. బాధ్యుడు సెలవు పెడితే రెండో మనిషి ఎవరో కూడా ముందే రాసి ఉండాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. కొత్తగా చేరిన ప్యాకింగ్ కార్మికుడు ఇలా అడిగాడనుకోండి: "సార్ నాకు చెప్పిన జీతం వేరే, చేతికి వచ్చింది వేరే. ఎందుకు?" దానికి "హెచ్‌ఆర్‌ను సంప్రదించగలరు" అని కామెంటు పెడితే ఆ గ్రూపు అక్కడితో సరి. ఇలా రాయాలి: "మీ జీతంలోంచి రెండు కోతలు పడతాయి. పీఎఫ్ కింద బేసిక్, డీఏ మీద 12 శాతం. అది మీ పేరునే జమ అవుతుంది, కంపెనీ కూడా తన వంతు కడుతుంది. ఈఎస్‌ఐ కింద 0.75 శాతం. దాంతో మీకూ ఇంట్లోవాళ్లకూ ఈఎస్‌ఐ ఆస్పత్రిలో వైద్యం దొరుకుతుంది. మీ పేస్లిప్ ఎలా చదవాలో ఈ వీడియోలో ఉంది. అంకెల్లో ఇంకా తేడా కనిపిస్తే నాకు విడిగా సందేశం పెట్టండి, మీ జీతం అంకె ఇక్కడ రాయకండి." ఇదే జవాబు ఒడియాలో కూడా పెట్టండి. అడిగింది ఒక్కడే, చదివేవాళ్లు మాత్రం నోరు తెరిచి అడగలేని నలభై మంది.

ఇలాంటి మంచి జవాబు వచ్చినప్పుడల్లా దాన్ని గ్రూపు పైన పిన్ చేసి ఉంచండి. కొన్నాళ్లకు అదే మీ కంపెనీ ప్రశ్న జవాబుల పుస్తకం అయిపోతుంది. ఎవరూ కూర్చుని రాయక్కర్లేదు.

తలుపు తీసే ముందు సరుకు పెట్టండి

బల్లలన్నీ ఖాళీగా ఉన్న హోటల్లోకి ఎవరూ అడుగుపెట్టరు. మనుషుల్ని పిలిచే ముందే కనీసం ఇవి లోపల ఉండాలి: ఈ నెల డ్యూటీ చార్టు, ఎవరికి ఏ పనికి ఫోన్ చేయాలో చెప్పే జాబితా, లీవు అడిగే పద్ధతి, పేస్లిప్ చదివే వీడియో, ఏడాది సెలవుల పట్టిక.

సెలవుల పట్టిక దగ్గర కాస్త ఆగాలి. రెండు రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీలో ఎక్కువ మనస్తాపాలు ఇక్కడే పుడతాయి. ఏప్రిల్ 1న ఉత్కళ దినోత్సవం అని రాయగడ ఆఫీసు మూస్తారు, పార్వతీపురంలో పని నడుస్తుంది. ఉగాదికి ఇటు సెలవు కావాలి, ఏప్రిల్ నడుమ పణా సంక్రాంతికి అటు కావాలి. జూన్‌లో రజ పండగ మూడు రోజులు గోడౌన్‌లో మనిషి దొరకడు, ఆ సంగతి తెలియని విశాఖ ఆఫీసు "డెలివరీ ఎందుకు ఆలస్యం?" అని మెయిల్ మీద మెయిల్ పంపుతుంది. బ్రాంచివారీగా సెలవులు ఒకే పట్టికలో, రంగులు వేసి పెట్టండి. అవతలివాళ్ల పండగ ఏమిటో ఒక్క వాక్యం రాయించండి, ఆ పండగ చేసుకునేవాళ్ల చేతే. సగం అపోహలు ఆ పట్టికతోనే పోతాయి.

నోటీసులు రాసే తీరు కూడా ముందే మార్చుకోవాలి. "ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికి తెలియజేయునది ఏమనగా" అని మొదలైతే రెండో పంక్తి ఎవరూ చదవరు. ఇలా రాయండి:

"సోమవారం నుంచి గుణుపురం గోడౌన్ గేటు పొద్దున 7కే తెరుస్తారు. ఇప్పటిదాకా 8. లోడింగ్ జట్టు 7:15 కల్లా రావాలి. ఆ టైముకి బస్సు దొరకనివాళ్లు కింద రాయండి. మేనేజరు గారు శనివారం సాయంత్రంలోగా జవాబు చెబుతారు."

ఏం మారింది, ఎప్పటి నుంచి, ఎవరికి, ఇబ్బంది ఉంటే ఎక్కడ చెప్పాలి. ఈ నాలుగూ ఉంటే చాలు. కొత్త టైము పక్కన పాత టైము కూడా రాయడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, అది లేకపోతే "8 కదా?" అంటూ పది ఫోన్లు వస్తాయి.

ఒక డిపోతో మొదలుపెట్టండి

అందరినీ ఒకేసారి చేర్చకండి. ముప్పై నలభై మంది ఉన్న ఒక డిపోను తీసుకుని ఓ నెల నడపండి. మేనేజరు ఉత్సాహంగా ఉన్న చోటు ఎంచుకోండి. బాగా సమస్యలున్న చోటే మొదలుపెడితే అసలు బలం తెలుస్తుందని కొందరు వాదిస్తారు. నాకు ఆ వాదన నచ్చదు. తొలి నెలలో దెబ్బతింటే రెండో నెల ఉండదు.

చేర్పించే రోజు జీతాల రోజు అయితే మేలు, అందరూ ఉంటారు. ఆఫీసు వైఫైకి కలిపి, ఒక్కొక్కరి ఫోన్లో యాప్ పెట్టించి, పేస్లిప్ తెరిచి చూపించి పంపండి. ఫోన్లో జాగా లేదు అనేవాళ్లు సగం మంది ఉంటారు. పాత వీడియోలు తీసేయడానికి ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టండి. గూగుల్ కీబోర్డులో తెలుగు, ఒడియా ఎలా పెట్టుకోవాలో, తెలుగులో మాట్లాడితే దానంతట అదే ఎలా టైపవుతుందో అక్కడే చూపించండి. యాభై దాటిన మేస్త్రీ ముఖంలో నవ్వు కనిపించేది ఆ క్షణంలోనే.

స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లను, కాంట్రాక్టరు కింద వచ్చే జట్టునూ మరవకండి. షిఫ్టు మొదట్లో సూపర్‌వైజర్ ఆరోజు పోస్టులు పైకి చదివి వినిపించాలి. వారంలో ముఖ్యమైన మూడు పోస్టులు ప్రింటు తీసి గేటు దగ్గర బోర్డుకు అంటించాలి. యాప్ పెట్టాక బోర్డెందుకు అనొద్దు. గోడ మీద కాగితానికి చార్జింగ్ అక్కర్లేదు.

పిలుపులు, హోదాలు వాటి తీరున పోనివ్వండి

పెద్ద నగరాల కంపెనీల్లో ఎండీని కూడా పేరు పెట్టి పిలవమని చెబుతుంటారు. మన దగ్గర అలా చెబితే మనుషులు రాయడమే మానేస్తారు. సార్ అనేవాళ్లు సార్ అంటారు, గారు అనేవాళ్లు గారు అంటారు, గంజాం కుర్రాళ్లు భాయినా అంటారు, డ్రైవర్లను అందరూ అన్నా అంటారు. అలాగే ఉండనివ్వండి. మారాల్సింది పైవాళ్ల తీరు. మేనేజరు కామెంటులో "నువ్వు" అని రాయకూడదు. గోడౌన్‌లో నోటితో అన్నప్పుడు చెల్లిన మాట, రెండొందల మంది చూసే చోట అక్షరాల్లో పడితే గుచ్చుకుంటుంది. అందరికీ "మీరు" అన్న నియమం ఒక్కటి పెట్టండి. ఎండీకీ అదే వర్తిస్తుంది.

ఎండీ వారానికి రెండుసార్లు లోపలికి రావాలి. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. లారీ టైరు పేలితే రాత్రంతా ఘాట్‌లో ఉండి సరుకు కాపాడిన డ్రైవరు గురించి ఎవరో రాస్తే, దాని కింద "చూశాను అన్నా, ఇంటికి క్షేమంగా చేరారా?" అని ఒక్క ముక్క రాస్తే చాలు. అది నెల రోజుల ప్రచారం కంటే ఎక్కువ పనిచేస్తుంది. హెచ్‌ఆర్ వాళ్లు ఎండీ పేరుతో రాయకూడదు. జనం ఇట్టే కనిపెట్టేస్తారు.

పేరు చెప్పకుండా రాసే సౌకర్యం కొన్ని యాప్‌లలో ఉంటుంది. వంద మంది ఉన్న చోట పేరు దాగదు, మాట తీరే పట్టిస్తుంది. పైగా ఎవరు రాశారా అని వెతుకులాట మొదలవుతుంది. ఫిర్యాదులకు వేరే దారి చూపండి. పదిమంది, అంతకు పైబడి పనిచేసే ప్రతిచోటా 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే అంతర్గత కమిటీ ఉండాలి. కమిటీ ఏర్పాటు ఉత్తర్వు అందరికీ కనిపించే చోట పెట్టాలనీ చట్టంలో ఉంది. గోడ మీద ఎలాగూ పెట్టాలి, యాప్‌లో కూడా శాశ్వతంగా కనపడే పేజీలో పెట్టండి. ఫిర్యాదు మాత్రం ఫీడులోకి రాకూడదు, నేరుగా కమిటీకే వెళ్లాలి. ఆ సంగతి అదే పేజీలో పెద్ద అక్షరాల్లో రాయండి.

మిగతా నియమాలు అర పేజీ దాటనివ్వకండి. రాజకీయాలు, కులం, మతం మీద పోస్టులు వద్దు. ఎవరి ఫొటో అయినా అడిగి పెట్టాలి. పార్టీల రేట్లు, జీతం అంకెలు రాయొద్దు. రాత్రి ఎనిమిది దాటాక అత్యవసరం అయితేనే పోస్టు. ఉద్యోగుల వివరాలు సేకరిస్తున్నాం కాబట్టి 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్నీ, 2025 నవంబరులో వచ్చిన దాని నియమాలనూ మీ లాయరుకు ఒకసారి చూపించి, ఏ వివరం ఎందుకు తీసుకుంటున్నారో ఒక కాగితం తయారు చేయించండి. పుట్టినరోజు శుభాకాంక్షల కోసం ఆధార్ కాపీ అడగక్కర్లేదు.

వానాకాలం రాకముందే ఒక కసరత్తు

2017 జూలై వరదల్లో తెరువలి దగ్గర రైలు వంతెన కొట్టుకుపోయింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. అలాంటప్పుడు కంపెనీకి ముందు తెలియాల్సింది ఒక్కటే, మనవాళ్లంతా ఎక్కడున్నారు, బాగున్నారా? "దారి కబుర్లు" గ్రూపు ఆ పనికి సిద్ధంగా ఉండాలి. జూన్‌లో ఒక రోజు చెప్పకుండా పోస్టు పెట్టండి: "ఇది కసరత్తు. బాగున్నవాళ్లు కింద 'ఉన్నాను' అని రాసి, ఊరి పేరు పెట్టండి." గంటలో ఎందరు రాశారో చూస్తే, ఎవరికి యాప్ అందడం లేదో తేలిపోతుంది.

టవర్లు పడిపోతే ఏ యాప్ అయినా ఒకటే. అందుకని ప్రతి డిపోలో అందరి ఫోన్ నంబర్లు, దగ్గరి బంధువు నంబరు ఉన్న కాగితం జాబితా మేనేజరు బీరువాలో ఉండాలి. మూణ్నెల్లకోసారి కొత్తది ప్రింటు తీసి పాతది చింపేయాలి.

మామూలు రోజుల్లో కూడా ఈ గ్రూపు బాగా నడుస్తుంది. కొరాపుట్ ఘాట్‌లో మంచు, ఫలానా గేటు దగ్గర లారీల వరస, మజ్జిగౌరమ్మ గుడి దగ్గర ఆదివారం రద్దీ. డ్రైవర్లు రాసే ఈ ముక్కల కోసమే ఆఫీసువాళ్లు కూడా యాప్ తెరుస్తారు.

ముచ్చట్లకు చోటు

రెండో నెల నుంచి చూస్తుండండి. ఎవరో పాత బైకు అమ్మకానికి పెడతారు. బదిలీ మీద రాయగడ వస్తున్న మనిషి అద్దె ఇల్లు అడుగుతాడు. పెళ్లికార్డు ఒకటి పడుతుంది. అప్పుడు "అమ్మకాలు, అద్దె ఇళ్లు", "పండగలు, పెళ్లిళ్లు" అని రెండు గ్రూపులు తెరిచి అటు మళ్లించండి. అంతకుముందే తెరిచి పెట్టి రండి రండి అని పిలిస్తే ఎవరూ రారు. బలవంతపు క్విజ్‌లు, "ఈ వారం నవ్వుల పోటీ"లు పెట్టే ఉత్సాహం హెచ్‌ఆర్‌కు వస్తుంది. కాస్త పట్టుకోండి.

నెలకోసారి చూసుకోవాల్సినవి

లైకుల లెక్క వదిలేయండి. మూడు చూడండి చాలు. ఎన్ని ప్రశ్నలు పడ్డాయి, వాటిలో గడువులోగా జవాబు దొరికినవి ఎన్ని? ఈ నెల మొదటిసారి నోరు విప్పినవాళ్లు ఎందరు? ఏ డిపో నుంచి అసలు అలికిడి లేదు? అలికిడి లేని డిపోకు ఫోన్ చేస్తే కారణం ఒక్క నిమిషంలో తెలుస్తుంది. చాలాసార్లు అక్కడి మేనేజరే "ఏదైనా ఉంటే నాకే చెప్పండి, యాప్‌లో రాయకండి" అని అనుంటారు. ఆయనతో విడిగా మాట్లాడాలి, ఫీడులో కాదు. తన డిపో గుట్టు పైకి పోతుందన్న భయం ఆయనది. ఆయన డిపోలో జరిగిన ఒక మంచి పనిని ఆయన చేతే రాయించి మొదలుపెట్టండి.

ఉద్యోగం మానేసినవాళ్ల ఖాతాను చివరి రోజు సాయంత్రమే మూయించండి. గేట్‌పాస్ వెనక్కి తీసుకునే ఫారంలోనే దానికొక గడి పెట్టేస్తే ఎవరూ మరిచిపోరు. చాలా యాప్‌లు మనిషికింత అని వసూలు చేస్తాయి. రెన్యువల్‌కు నెల ముందు జాబితా తెప్పించి, ఇప్పుడు పనిచేస్తున్నవాళ్ల పేర్లతో సరిచూసి, మిగిలినవి తీసేయించాకే బిల్లు కట్టండి. ఎక్స్‌పోర్ట్ ఫైలు కూడా అదే రోజు ఒకటి దింపి, ఆఫీసు హార్డ్‌డిస్కులో పెట్టుకోండి.